ఫ్లెక్సీ శాస్త్రం: తలకాయలు, కొలతలు, మర్యాదలు

పోస్టరు దారిన పోయేవాడి కోసం వేస్తారని డిజైన్ కాలేజీల్లో ఒక మూఢనమ్మకం ఉంది. దానికి సాక్ష్యంగా వాళ్లు చూపించేది 1906 ప్రాంతంలో బెర్లిన్‌లో లూసియన్ బెర్న్‌హార్డ్ వేసిన ప్రీస్టర్ అగ్గిపుల్లల పోస్టరు. ఆయన మొదట బల్ల, యాష్‌ట్రే, అందులో కాలుతున్న చుట్ట, పక్కన అగ్గిపుల్లలు, వెనకాల నాట్యం చేసే అమ్మాయిలు, అన్నీ వేశాడట. చూసిన మిత్రుడు అది చుట్టల ప్రకటన అనుకునేసరికి ఒక్కొక్కటే చెరుపుకుంటూ పోయాడు. చివరికి రెండు అగ్గిపుల్లలు, కంపెనీ పేరు మిగిలాయి. పోటీలో బహుమతి వచ్చింది. వందేళ్లు దాటినా ఇంకా పాఠం చెబుతున్నారు. బాగానే ఉంది. చెరిపేసిన ఆ అమ్మాయిల తాలూకు మనుషులు మర్నాడు డీటీపీ షాపు ముందు బైఠాయిస్తే బెర్న్‌హార్డ్ ఏం చేసేవాడో మాత్రం ఎవరూ చెప్పరు.

మన మండల కేంద్రాలు ఈ చిక్కును ఎప్పుడో విప్పేశాయి. ఫ్లెక్సీని చూడాల్సినవాడు ఫ్లెక్సీలోనే ఉంటాడు. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, మిగతా శాస్త్రం దానంతటదే వచ్చేస్తుంది.

పన్నెండు బై ఎనిమిది అడుగుల పుట్టినరోజు ఫ్లెక్సీ తీసుకుందాం. పైన 12 అంగుళాల పట్టీ పెద్ద నాయకులది, గుండ్రటి చట్రాల్లో. అడుగున 26 అంగుళాలు యువసేనది: వరసకు పన్నెండు చొప్పున రెండు వరసలు, ఒక్కో ముఖం పది అంగుళాలు, కింద పేరు. మధ్యలో మిగిలిన 58 అంగుళాల్లో కుడివైపు పుట్టినరోజు అన్న మోకాళ్ల దాకా నమస్కారం పెడుతూ నిలబడాలి, ఎడమవైపు ఎమ్మెల్యే గారు ఛాతీ దాకా. అన్న బొమ్మ ఎమ్మెల్యే గారి బొమ్మకన్నా పెద్దదే కావచ్చు, అది పుట్టినరోజు రాయితీ. తల మాత్రం పెద్దది కాకూడదు. స్కేలు పెట్టి కొలిచేవాళ్లు ఉన్నారు.

ఖాళీ వదలమంటారు నిపుణులు. ఇది 96 చదరపు అడుగులు. అడుగు పది రూపాయలనుకున్నా, ఇరవై అడుగులు ఖాళీగా వదిలితే రెండు వందలు గాలికి పోసినట్టే. పైగా ఖాళీ కనిపిస్తే అక్కడ ఎవరి ఫొటోనో తీసేశారని ఊరంతా గుసగుసలు. అందుకే అనుభవం ఉన్న డిజైనరు ఒక గడిలో పూలగుత్తి పెట్టి ఉంచుతాడు. ప్రూఫ్ (ప్రింటుకు ముందు చూపించే నమూనా) ఓకే అయ్యాక, రాత్రి పదకొండింటికి, మర్చిపోయిన బావమరిది గుర్తొస్తాడు. పూలు లేస్తాయి, బావమరిది కూర్చుంటాడు.

చదవడం సంగతి. అంగుళం ఎత్తు అక్షరాన్ని పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చని సైన్‌బోర్డుల వాళ్ల లెక్క. అన్న పేరు 14 అంగుళాల్లో వేస్తే 140 అడుగుల నుంచి కనిపిస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండివాడికి నాలుగు సెకన్లలోపు దొరుకుతాయి, సరిపోతాయి. అట్టడుగు వరసల్లోని పేర్లు అంగుళంన్నర. పదిహేను అడుగుల్లోకి వస్తే తప్ప చదవలేడు, అప్పటికి మిగిలేది అర సెకను కూడా కాదు. ఆ అర సెకనులో ఇరవై నాలుగు పేర్లు చదవబోతే బండి డివైడర్ ఎక్కుతుంది. మరి ఆ పేర్లు ఎవరి కోసం? ఆ ఇరవై నాలుగు మంది కోసం. వాళ్లు బండి ఆపుకుని, దిగి, సెల్ఫీ తీసుకుని వెళ్తారు.

అసలు విద్య తెలుగు అక్షరం దగ్గర బయటపడుతుంది. 'హృదయపూర్వక జన్మదిన శుభాకాంక్షలు' అనే ఒక్క వాక్యంలో హకింద వట్రసుడి, రకింద వకారం ఒత్తు, నకింద మకారం ఒత్తు, కకింద షకారం ఒత్తు వేలాడుతుంటాయి. ఇంగ్లిషు లెక్కన వరసల మధ్య దూరం బిగిస్తే ఈ ఒత్తులు కింది వరస తలకట్లలో ఇరుక్కుంటాయి. అక్షరం ఎత్తుకు సగమైనా అదనంగా వదలాలి. వదలరు, ఎందుకంటే అక్కడ సింహం బొమ్మ దూరాలి. తర్వాత అంచులు: పసుపు అక్షరం, చుట్టూ తెల్ల గీత, దాని చుట్టూ నల్ల గీత, ఆపైన నీడ. గీత లావెక్కిన కొద్దీ అక్షరం లోపలి సందులు పూడిపోతాయి. మొదట పోయేది ధకింద ఉండే చిన్న గీత, 'ధీరుడు' 'దీరుడు' అవుతాడు. తర్వాత ప, వ, ష ఒకే తల్లి బిడ్డల్లా కనిపిస్తాయి.

యూనికోడ్‌లో (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ వాడే ఉమ్మడి అక్షర పద్ధతి) టైపు చేసిన మేటర్‌ను పాత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఒత్తులు విడిపోయి 'జన్‌మదిన' అని పొల్లుతో దిగుతుంది. అందుకే షాపుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాతరకం అను ఫాంట్లే రాజ్యమేలుతున్నాయి. డిజైన్ చేసే కోరల్‌డ్రాలో కంట్రోల్-క్యూ నొక్కి అక్షరాలను కర్వ్స్ (ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలు) చెయ్యకుండా ప్రింటింగుకు పంపితే, ఆ ఫాంటు లేని సిస్టంలో అన్న పేరు ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల కలగూరగంపగా తెరుచుకుంటుంది. అలాగే ప్రింటయినా ఎవరూ గమనించకపోవచ్చు, ఫొటో ఉందిగా.

ఫొటోకు వస్తే, వాట్సాప్‌లో మామూలుగా పంపిన బొమ్మ పొడుగు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించుకుపోతుంది. అన్న అందులో పెళ్లి గుంపు మధ్య మూడో వంతు ఎత్తున ఉన్నాడు, అంటే 530 పిక్సెళ్లు. వాటిని 58 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి తొమ్మిది చుక్కలు. కనీసం పాతిక ఉంటే గానీ ముఖం ముఖంలా ఉండదు. డాక్యుమెంటుగా పంపమని చెప్పాలి. చెప్తే 'అదే ఉంది, నువ్వే ఏదో ఒకటి చెయ్యి తమ్ముడూ' అంటారు. తమ్ముడు వేరేవాడి సూటు మీద అన్న తల అతికిస్తాడు. సూటు మీద వెలుగు ఎడమ నుంచి, ముఖం మీద కుడి నుంచి. ఇద్దరు సూర్యులు.

రంగుల్లో ఒక్క జాగ్రత్త చాలు. ప్రింటు సిరాల్లో సయాన్ (లేత నీలం) 100 శాతం, మెజెంటా (ముదురు గులాబీ) 100 శాతం పెడితే స్క్రీన్ మీది నీలం ప్రింటులో ఊదాగా దిగుతుంది, మెజెంటాను 70 దగ్గర ఆపాలి. ఎండకు ముందు పోయేవి పసుపు, మెజెంటాలే. దించకుండా వదిలేసిన ఫ్లెక్సీలో ఏ పార్టీవాడైనా కొన్నాళ్లకు నీలమేఘశ్యాముడే.

బెర్న్‌హార్డ్ సూత్రాలన్నీ పాటించే ఫ్లెక్సీ మన ఊళ్లలో ఒకటుంది: అశ్రునివాళి. ఒకే ముఖం, పెద్ద అక్షరాల్లో పేరు, జననం, మరణం, చుట్టూ బోలెడంత తెలుపు. వీధి చివర నుంచే చదవొచ్చు, ఇంటికెళ్లాక కూడా గుర్తుంటుంది. అదే డిజైనరు, అదే సిస్టం, అదే రేటు. తేడా ఒక్కటే, ప్రూఫ్ చూసి 'నా తల చిన్నదైంది' అనడానికి ఆయన రాలేడు. ఈ మధ్య అక్కడ కూడా అడుగున సంతాపం తెలిపేవారి ఫొటోలు పన్నెండు దాకా వస్తున్నాయి కాబట్టి ఆ లోటూ త్వరలోనే తీరుతుంది.

ఇక కట్టడం. అంచు మడిచి రెండు అడుగులకో ఐలెట్ (కన్నానికి బిగించే లోహపు రింగు) కొట్టాలి, సర్వి బాదులకు బైండింగ్ వైరుతో బిగించాలి. గాలి పోవడానికి అక్కడక్కడ అర్ధచంద్రాకారంలో కోతలు పెట్టాలి, ముఖాలు తప్పించి. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించి, గుడ్డ మీద వేసుకోమన్నారు. గుడ్డకు ఖర్చెక్కువ, పైగా వాననీళ్లు ఆపదు. ఈ రెండో లోపమే పెద్దది. పుట్టినరోజుకు వారం ముందే ఫ్లెక్సీని ఒకరు గేదెల పాకకు, ఒకరు వడ్ల రాశికి అడిగిపెట్టుకుని ఉంటారు. వాళ్లు డిజైన్ అడగరు, జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల మందం) అడుగుతారు. 240 అని చెప్తే అన్న మొహం మీదే పెదవి విరుస్తారు. 340 వేయించండి. వడ్ల మీద కప్పేటప్పుడు ప్రింటు వైపు పైకి ఉండాలి, సిరా గింజకు తగలకూడదు.