మూసీ నోటి దగ్గర నీళ్లు లాక్కోకండి

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఈ మధ్య ఒక ప్రమాదకరమైన అలవాటు తలెత్తింది. కొందరు గృహిణులు, వాళ్ల మాట కాదనలేక కొందరు రిటైరైన భర్తలు, వాషింగ్ మెషిన్ వెనక గొట్టాన్ని తూములోంచి తీసి బకెట్లో పెడుతున్నారు. బట్టలు జాడించిన ఆ నీళ్లు మోసుకెళ్లి చెట్లకు పోస్తున్నారు. చూసేవాళ్లకు ఇది చిన్న విషయమే. కానీ ఒకసారి వాడిన నీటి మొహం మళ్లీ చూడకూడదన్నది మన నగర జీవనానికి పునాది. ఇప్పుడు ఆ పునాదిలోకే సబ్బు నీళ్లు దిగుతున్నాయి.

ఇక్కడిదాకా రావడానికి మనం పడ్డ శ్రమ ఒకసారి తలుచుకోండి. 1908లో మూసీ వరద ఊరిని ముంచేసిన తర్వాత గండిపేట చెరువు కట్టుకున్నాం. అది చాలక మంజీరా తెచ్చుకున్నాం. అదీ చాలక కృష్ణ. నాగార్జునసాగర్ నిండు నీటిమట్టం 590 అడుగులు. హైదరాబాద్ ఉన్నది సముద్రమట్టానికి 1,700 అడుగుల పైన. కృష్ణమ్మ తనంతట తాను అంత ఎత్తు ఎక్కదు కాబట్టి మోటార్లు పెట్టి ఎక్కిస్తాం. వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిపిస్తాం. వడకట్టి, క్లోరిన్ కలిపి, తాగడానికి సిద్ధం చేస్తాం. సంపులోకి వచ్చాక మరో మోటారుతో పై ట్యాంకుకు ఎక్కిస్తాం. ఇంత చేసి, నిన్న రాత్రి రిసెప్షన్‌లో గంటన్నర తొడుక్కున్న చొక్కాను అందులో జాడిస్తాం. ఆ నీటికి మళ్లీ ఇంకో పని చెప్పడమంటే, అంత దూరం నుంచి వచ్చిన చుట్టం చేత అంట్లు తోమించినట్టు ఉండదూ?

పైగా 2021 నుంచి నగరంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. ఉచితంగా ఇచ్చినదాన్ని ఆచితూచి వాడితే ఇచ్చినవాళ్ల మనసు నొచ్చుకోదా? ఎండాకాలంలో అవీ చాలకపోతే ట్యాంకర్ ఉండనే ఉంది. టాప్ లోడ్ మెషిన్ ఒక్క విడతకు వంద లీటర్లకు పైగా తాగుతుంది. ఆ నీళ్లన్నీ చెట్లకే పోతే, చెట్ల పేరు చెప్పి తెప్పించే ట్యాంకర్ డ్రైవరు ఏమైపోవాలి?

మా అసోసియేషన్‌లో ఈ గొడవ మూడో అంతస్తులో ఉండే ఒకావిడతో మొదలైంది. బకెట్ పట్టుకుని లిఫ్ట్‌లో దిగి, సెల్లార్ పక్కనున్న కొబ్బరి చెట్టు మొదట్లో పోసి వస్తుంటారు. ఐదో అంతస్తు అమ్మాయి పాపం జాలిపడి, "ఏంటాంటీ, పనిమనిషి మానేసిందా?" అని అడిగింది. "లేదమ్మా, నీళ్లు వృథా ఎందుకని" అన్నారట ఈవిడ. ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపులో చర్చ. కొత్తగా ఫ్లాట్ చూడ్డానికి వచ్చేవాళ్లు బకెట్ చూసి, ఇక్కడ నీళ్లకు కటకట అనుకుంటే రేటు పడిపోదా అని సెక్రటరీగారి ఆవేదన. (కటకట ఉన్నమాట నిజమే. అది వేరే విషయం.)

కొందరు పాతకాలం ముచ్చట తీస్తారు. పెరట్లో స్నానం చేసిన నీళ్లు అరటి పాదులోకి, గిన్నెలు కడిగినవి చేమ మొక్కలకు, బియ్యం కడుగు గేదె కుడితిలోకి వెళ్లేవట. నిజమే. ఆ రోజుల్లో నీటికి క్షణం తీరిక ఉండేది కాదు. ఆ వెట్టి నుంచి విడిపించడానికే కదా డ్రైనేజీ పైపు వేసుకున్నది!

మా వైపు సైన్సు కూడా ఉంది. డిటర్జెంట్ పొడిలో సోడియం లవణాలు దండిగా ఉంటాయి. మొదటి ఉతుకు నీళ్లు బాగా క్షారం. అవే రోజూ ఒకే మొక్కకు పోస్తుంటే సోడియం పేరుకుని మట్టి బిగుసుకుపోతుంది, నీళ్లు లోపలికి ఇంకవు. రైతులు దాన్ని చౌడు అంటారు, పొలంలో అయితే జిప్సం వేసి బాగుచేసుకుంటారు. ఒకప్పుడు రేవుల్లో బట్టలకు చౌడు మట్టే సబ్బు. ఇప్పుడు సబ్బే కుండీకి చౌడు. మీటింగుల్లో ఈ వాదన బ్రహ్మాండంగా పండుతుంది. చిక్కల్లా ఒక్కటే. చివర జాడించిన నీళ్లలో ఈ సరుకు చాలా తక్కువ. ఆ సంగతి మేం ఎత్తం.

అసలు మేం వాడిన నీళ్లను తిరిగి వాడటానికి వ్యతిరేకులమన్నదే దుష్ప్రచారం. మేమూ వాడుతున్నాం, కాకపోతే కొంచెం చుట్టు తిప్పి. మా చొక్కాల నురగ డ్రైనేజీలో పడుతుంది. ఊరందరి బాత్రూములతో, ఫ్యాక్టరీలతో పరిచయాలు పెంచుకుంటుంది. కొంత శుద్ధి అయ్యి, కొంత కాకుండా మూసీలో కలుస్తుంది. ఎండాకాలంలో ఈ మురుగే లేకపోతే మూసీలో పారడానికి ఏముంది చెప్పండి? ఊరు దాటాక ఆ నీళ్లతో పారా గడ్డి పెంచుతారు, గేదెలు మేస్తాయి, పాలు ఊళ్లోకే వస్తాయి. వరి కూడా పండుతుంది. మిగిలింది వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. గమనించండి, అది సాగర్‌కు దిగువన. పైన అప్పు తీసుకుని, కింద వడ్డీతో సహా తీరుస్తున్నాం. వడ్డీ నురగ రూపంలో ఉంటుంది. ఆ దిగువన పులిచింతల, ఇంకా దిగువన ప్రకాశం బ్యారేజీ. బెజవాడలో ఉండే మా బావమరిది ఫోన్ చేసి, "బావగారూ, మీరు వదిలిందే మేం తాగాలా?" అని నిష్ఠూరమాడాడు. బంధుత్వాలు నిలబడాలంటే ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండాలని సర్దిచెప్పాను. ఇంత పెద్ద ఏర్పాటును వదిలేసి, ఆ నీళ్లను పది అడుగుల దూరంలోని కొబ్బరి చెట్టుకు పోయమంటే ఎలా?

అయినా మా కమిటీ మూర్ఖపు కమిటీ కాదు. కొన్ని షరతులు రాసింది. జాడించిన నీళ్లే పోయాలి, మొదటి ఉతుకువి కాదు. పసిపిల్లల పక్కబట్టలు, బ్లీచ్ వేసిన బట్టలు ఉతికినవి అసలే కాదు. ఏ రోజువి ఆ రోజే పోసెయ్యాలి, మర్నాటికి ఉంచితే కంపు కొడతాయి. ఆకుల మీద కాకుండా మొదట్లో పోయాలి. కొత్తిమీర, పుదీనా జోలికి వెళ్లకూడదు. మధ్యమధ్యలో మంచినీళ్లో వాననీళ్లో పోసి మట్టి కడగాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా బకెట్ జప్తు.

విచారిస్తే ఇవన్నీ ఆవిడ ముందునుంచీ పాటిస్తున్నవేనట. ఏ షరతు కింద చర్య తీసుకోవాలో తెలియక కమిటీ తల పట్టుకుంది. కొబ్బరి చెట్టు ఎప్పుడు ఎండుతుందా అని ప్రస్తుతం ఎదురుచూస్తున్నాం. అది ఈ ఏడు ఇంకో గెల వేసింది.