స్వల్ప మార్పు

ట్రయథ్లాన్ నిర్వాహకుల నుంచి అయిదో సందేశం నిన్న రాత్రి 11 గంటలకొచ్చింది. ‘క్రీడాకారులకు మనవి. మార్గంలో స్వల్ప మార్పు.’ స్వల్పమంటే ఎంతో మాకిప్పటికి బాగా అలవాటైంది. మొదటి స్వల్ప మార్పులో నది పోయింది. రెండోదాంట్లో సముద్రం పోయింది. మూడోదానికి దేవుడు అడ్డొచ్చాడు.

ఒలింపిక్ కొలత ప్రకారం ఈ పోటీ అంటే కిలోమీటరున్నర ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్స్‌లో దీన్ని మొదట పెట్టింది 2000లో, సిడ్నీలో. మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి కంచు పతకం తెచ్చింది కూడా అక్కడి నుంచే. ఆమె అదృష్టం, బరువెత్తడానికి మార్గం అక్కర్లేదు.

ఈత నాగావళిలో అన్నారు. మాఘమాసంలో నాగావళి ఈదాలంటే ముందు ఇసుకలో నడిచి నీళ్ళని వెతుక్కోవాలి. ఆ సంగతి తెలిశాక కళింగపట్నం సముద్రమన్నారు. అక్కడ వంశధార కలిసే చోట నీళ్ళు ఎటు లాగుతాయో వేటకెళ్ళేవాళ్ళని అడిగారట, వాళ్ళు నవ్వారట. మళ్ళీ నాగావళికే వచ్చారు. నీళ్ళు నిలిచిన చోట, 750 మీటర్లు. సైకిలు దారి అరసవల్లి మీదుగా వేశారు. మాఘమాసం, ఆదివారం, అరసవల్లి. ఈ మూడు మాటలూ కలిపి చెబితే మన జిల్లాలో మూడేళ్ళ గుంటడైనా ‘జనం’ అంటాడు. వీళ్ళకి మాత్రం మూడో సందేశం దాకా తట్టలేదు. తట్టాక చుట్టు తిప్పి శ్రీకూర్మం వైపు మళ్ళించారు. కూర్మనాథుడి దారిలో వేగం గురించి నేనేమీ అనను.

పోటీకి పేరిచ్చింది మా మేనల్లుడు. దారి చూసొద్దామని వాడు సైకిలు మీద, నేను వెనక స్కూటీ మీద బయల్దేరాం. ఊరు దాటామో లేదో, సగం రోడ్డు ధాన్యమే. అంచు పొడవునా రాళ్ళు పేర్చి, మధ్యలో ఒక మామ్మ పాదాలు ఈడుస్తూ చాళ్ళు తీస్తోంది. మావాడు సైకిలాపి, నల్లకళ్ళజోడు నెత్తి మీదికి తోసి, వినయంగా చెప్పాడు.

“మామ్మా, ఆదివారం ఇటు సైకిళ్ళ పోటీ ఉంది.”

“రానీ బావూ, నానేటొద్దన్నానా? ధాన్యం మీద నుండే ఎల్లమను. నా కాళ్ళకి కాస్త సుకం.”

“జారి పడతారు మామ్మా.”

“పడితే మెత్తగుంటాది.”

అప్పుడు మామ్మ చూపు సైకిలు మీద పడింది. చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. ఎంతెట్టి కొన్నావంది. లక్షా పదివేలన్నాడు వాడు, కొంచెం గర్వంగానే.

“లచ్చా పదేలెట్టి స్టాండెయ్యించుకోలేదేటి? కేరేజీ కూడా నేదు. నిన్ను మోసం సేసీసినారు బావూ.”

మావాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ సైకిల్ని చింతచెట్టుకి చేరవేయించి, మా ఇద్దరి చేతా నాలుగు బస్తాలు పట్టించి గానీ మామ్మ వదల్లేదు. తిరిగొచ్చి నిర్వాహకులకి చెప్పాం. నాలుగో స్వల్ప మార్పు వచ్చింది: ఆ చోట సైకిలు దిగి, భుజాన వేసుకుని నడవవలెను.

పరుగు ఏటిగట్టు మీద. ‘బాట సహజ స్థితిలో ఉంది’ అని రాశారు. తుమ్మముళ్ళు సహజంగా ఉన్నాయి, ట్రాక్టరు చాళ్ళు చీలమండ లోతున సహజంగా ఉన్నాయి, ఊరి చెత్త సహజంగా పొగ కక్కుతోంది. నీళ్ళ సంగతేమిటని ఫోన్లో అడిగితే, పారిస్‌లోనే 2024లో సెయిన్ నీళ్ళు బాగోక మగవాళ్ళ పోటీ ఒకరోజు వాయిదా వేశారండీ అన్నాడు నిర్వాహకుడు. నిజమే. అక్కడ నీళ్ళు పరీక్ష చేసి వాయిదా వేశారు. మీరేం పరీక్ష చేశారన్నాను.

“రంగు చూశామండీ. పర్వాలేదు.”

ఇక అయిదో సందేశం: ‘ఈత జరిగే చోట ఇసుక గోతులున్నందున ఎర్రజెండాలు పాతుతున్నాం.’

ఉన్నందున! ఆ గోతులు నిన్న పుట్టాయా? పొక్లెయిన్లు పెట్టి తవ్వినవి. పైకి మోకాలి లోతు నీళ్ళు, ఒక్కడుగు పక్కకి వేస్తే నిలువు లోతు. సెలవుల్లో ఏటికి దిగిన పిల్లలు వేసేది ఆ అడుగే. ఒడ్డున పడుకోబెట్టి తువ్వాలు కప్పినప్పుడు, తువ్వాలు చాలక బయటికి కనబడే ఆ చిన్న పాదాలు ఈ ఊరు చూడలేదా? అప్పుడొక్క జెండా లేదేం? డబ్బు కట్టి ఛాతీకి నంబరు అంటించుకున్నవాడిదేనా ప్రాణం? నంబరు లేని గుంటడిది కాదా? మీ పోటీ కోసం నది మారింది, సముద్రం మారింది, సూర్యనారాయణమూర్తి దారి కూడా మారింది. రాత్రిళ్ళు ఆ గట్టెక్కే ఇసుక ట్రాక్టర్ల దారి మాత్రం గజమైనా మారలేదు. సిగ్గుండాలి అందరికీ. రోజూ ఆ వంతెన మీద నుంచి చూస్తూ పోయే నాతో సహా.

పొద్దున్నే మళ్ళీ ఫోన్ చేశాను. బాబూ, పోటీ అయిపోయినా ఆ జెండాలు అలాగే వదిలెయ్యండి అన్నాను.

“కుదరదండీ, షామియానా వాళ్ళవి. సోమవారం పొద్దున్నే లెక్కపెట్టి తిరిగిచ్చెయ్యాలి.”