పిన్ని రక్తం సంగతి రెండు నెలల ముందే చూడాల్సింది

పిన్నికి గుండెలో వాల్వ్ మార్చి నలభై రోజులైంది. దేవుడి దయవల్ల తేరుకుంది, మొన్న ఆదివారం సింహాచలం వెళ్దామని తనే అడిగింది. అయినా నా కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

మాది చోడవరం దగ్గర పల్లె. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం పిన్ని గుండె కవాటాన్ని పాడు చేసింది. మైట్రల్ వాల్వ్ మార్చాలన్నారు, విశాఖలో డేట్ దొరకడానికి రెండు నెలలు పట్టింది. మొదటి రోజు రిపోర్టులోనే హిమోగ్లోబిన్ 9.6 అని ఉంది, అంటే రక్తం తక్కువే. ఆ రెండు నెలల్లో దాని గురించి ఒక్కరూ నోరెత్తలేదు. తీరా అడ్మిట్ చేశాక, ఆపరేషన్ ముందు రాత్రి తొమ్మిదింటికి పిలిచి "నాలుగు యూనిట్లు కావాలి, డోనర్లను తెచ్చుకోండి" అన్నారు. నేనూ మా తమ్ముడూ గాజువాక వెళ్లి, డ్యూటీ దిగి వచ్చిన కుర్రాళ్లను అన్నం కూడా సరిగ్గా తిననివ్వకుండా బండ్ల మీద ఎక్కించుకొచ్చాం.

ఆపరేషన్ అయిన రెండో రోజు క్రియాటినిన్, అదే కిడ్నీకి దెబ్బ తగిలితే పెరిగే అంకె, 0.9 నుంచి 1.5కి ఎక్కింది. ఏంటండీ ఇది అంటే "పంపు కేసుల్లో మామూలేనండి" అన్నారు. పిన్ని ఐసీయూలో ఇంకో మూడు రోజులు ఉండిపోయింది.

ఆ "మామూలే" అన్న మాట నాకు మింగుడుపడలేదు. గుండె ఆపి ఆపరేషన్ చేస్తున్నంతసేపూ ఒంట్లో రక్తాన్ని తిప్పేదీ, దానికి ఆక్సిజన్ అందించేదీ హార్ట్-లంగ్ మెషీన్. వాళ్లు పంపు అనేది దీన్నే. 1953లో అమెరికాలో జాన్ గిబ్బన్ దాంతో మొదటిసారి ఒక అమ్మాయిని బతికించాడు. ఆ మెషీన్ దగ్గర కూర్చుని నడిపే మనిషిని పెర్ఫ్యూజనిస్టు అంటారు. సర్జన్ పేరు ఊరంతా చెప్పుకుంటాం, ఈయన పేరు మాత్రం పేషెంటు ఇంట్లోవాళ్లకి కూడా తెలీదు. నాకు తెలిసిన ఒక పెర్ఫ్యూజనిస్టు ఉన్నారు, ఆయన పనిచేసేది వేరే ఆసుపత్రి. జగదాంబ దగ్గర టీ కొట్టులో కూర్చోబెట్టి అడిగాను. ఆయన సిగరెట్ పెట్టె అట్ట చింపి దాని వెనక లెక్క వేసి చూపించారు. ఆ అట్ట ముక్క ఇప్పటికీ నా పర్సులోనే ఉంది.

లెక్క ఇదీ. 45 కిలోల ఆడమనిషి ఒంట్లో రక్తం సుమారు 3 లీటర్లు. మెషీన్ గొట్టాల్లో ముందుగా నింపే సెలైన్ లాంటి ద్రవం 1.2 లీటర్లు అనుకుందాం. రెండూ కలిశాయంటే పాలలో నీళ్లు పోసినట్టే, 9.6 కాస్తా 6.9 అయిపోతుంది. పంపు ఫ్లో శరీర విస్తీర్ణంలో చదరపు మీటరుకి నిమిషానికి 2.4 లీటర్లు ఉంటే, ఒంటికి అందే ఆక్సిజన్ అదే చదరపు మీటరుకి నిమిషానికి 220, 230 మిల్లీలీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఈ అంకె 280కి తగ్గకుండా చూసుకుంటూ పంపు నడిపితే ఏమవుతుందో రానుచ్చి అనే ఇటలీ డాక్టరు బృందం పరీక్షించి 2018లో ప్రచురించింది. కిడ్నీకి తగిలే తొలి దశ దెబ్బ తగ్గింది. తీవ్రమైన దెబ్బల విషయంలో మాత్రం తేడా కనిపించలేదు, అదీ చెప్పాలి. కానీ పిన్నికి జరిగింది ఆ తొలి దశదే కదా!

మరి 280కి ఎలా చేరాలి? గొట్టాలు పొట్టిగా, రక్తానికి ఆక్సిజన్ పట్టించే ఆక్సిజనేటర్ చిన్నదిగా పెట్టుకుంటే ముందుగా నింపే ద్రవం తగ్గుతుంది. పంపు మొదలుపెట్టేటప్పుడు పేషెంటు రక్తాన్నే వెనక్కి గొట్టాల్లోకి రానిచ్చి, అందులో ఉన్న నీటిని కొంత బయటికి తీసేయొచ్చు. అలా 400 మిల్లీలీటర్లు తీసినా 6.9 కాస్తా 7.6 అవుతుంది, ఫ్లో 2.8కి పెంచితే లెక్క 285కి వస్తుంది. ఒంటిని చల్లబరిస్తే ఆక్సిజన్ అవసరమే తగ్గుతుంది, మళ్లీ వేడెక్కించేటప్పుడు మాత్రం కళ్లు అంకెల మీదే ఉండాలి అన్నారాయన. పిన్ని విషయంలో వీటిలో ఏది చేశారో, ఏది చేయలేదో నాకు తెలీదు, ఎందుకంటే పంపు నడిచేటప్పుడు ఈ అంకెలన్నీ రాసే ఆ పంపు చార్టు మాకెవరూ చూపించలేదు. డిశ్చార్జి సమ్మరీలో పంపు గురించి ఉన్నది ఒకే ఒక్క లైను, ఎన్ని నిమిషాలు నడిచిందో.

రక్తం ఎక్కించేస్తే పోలేదా అని మా బాబాయి అడిగాడు. చాలామంది అనుకునేదీ అదే. గుండె ఆపరేషన్ పేషెంట్ల మీద చేసి 2017లో ప్రచురించిన ట్రిక్స్-3 అనే పెద్ద పరిశోధనలో, హిమోగ్లోబిన్ 7.5కి దిగితేనే రక్తం ఎక్కించిన వాళ్లూ, 9.5కే ఎక్కించిన వాళ్లూ ఒకేలా కోలుకున్నారు. అంటే ఊరికే బాటిళ్లు ఎక్కించడం వల్ల లాభమేమీ లేదు. పిన్నికి లోటు ఐరన్ వల్లే అయితే రెండు నెలల్లో ఇంజెక్షన్లతో హిమోగ్లోబిన్ పెరిగేది. అసలు ఐరన్ లోపమా కాదా అన్న పరీక్ష కూడా రాయలేదు! మన పల్లెల్లో ఆడవాళ్లకి రక్తం తక్కువని ప్రతి ఆశా కార్యకర్తకీ తెలుసు. గుండె ఆపరేషన్ డేట్ ఇచ్చేవాళ్లకి తెలీదా?

పిన్ని ఆపరేషన్ చేసిన సర్జన్ చేతికి దండం పెడతాను, అందులో రెండో మాట లేదు. నేనడిగేది డేట్ రాసే రోజునే రక్తం సంగతి తేల్చమని, పంపు చార్టు నకలు డిశ్చార్జి ఫైల్లో పెట్టమని, పెర్ఫ్యూజనిస్టు ముందు రోజు వచ్చి ఇంట్లోవాళ్లతో ఐదు నిమిషాలు మాట్లాడేలా చూడమని.

మద్దిలపాలెంలో మా ఎదురింటి అత్తగారికి వచ్చే నెల బైపాస్. రిపోర్టు నిన్న చూశాను, హిమోగ్లోబిన్ 10.1. రేపు పొద్దున్న ఓపీకి వాళ్లబ్బాయితో నేనూ వెళ్తున్నాను, ఆ సిగరెట్ అట్ట పట్టుకుని.