పద్నాలుగేళ్లకే వదిలేసిన చెయ్యి

తొమ్మిదో తరగతి హాజరుపట్టీ తెరిచి, ఒక పేరు ఎదుట వేలు పెట్టి నెలనెలా చూసుకుంటూ పోతే బడి మానేయడం ఎలా జరుగుతుందో కనిపిస్తుంది. జూన్, జులై గళ్లు దాదాపు నిండుగా ఉంటాయి. ఆగస్టులో వారానికి ఒకటి రెండు గైర్హాజరీలు. దసరా సెలవుల తరువాత వచ్చిన రోజులకంటే రాని రోజులే ఎక్కువ. సంక్రాంతి నాటికి ఆ వరుసలో రాయడానికి ఏమీ మిగలదు, ‘దీర్ఘకాలిక గైర్హాజరు’ అన్న ముద్ర తప్ప. ఆ అమ్మాయి సరిగ్గా ఏ రోజున బడి మానేసిందో చెప్పమంటే హెడ్మాస్టరూ చెప్పలేరు, కన్నతల్లీ చెప్పలేదు.

ఇలాంటి వరుసలన్నీ కలిసి ఢిల్లీకి చేరేసరికి శాతాలవుతాయి. దేశంలోని బడుల లెక్కలు తీసే కేంద్ర విద్యాశాఖ ‘యూడైస్ ప్లస్’ 2024-25 నివేదిక ప్రకారం మూడు నుంచి అయిదు తరగతుల్లో బడి మానేస్తున్నవారు 2.3 శాతం. ఆరు నుంచి ఎనిమిది వరకు 3.5 శాతం. తొమ్మిదో తరగతిలో అడుగు పెట్టాక పన్నెండు వరకు 8.2 శాతం. ముందటి ఏడాదికంటే తగ్గిందని ప్రభుత్వం చెప్పుకొంది. తగ్గితే సంతోషమే. లెక్కకట్టే పద్ధతి 2022-23 నుంచి మారింది కనుక అంతకు ముందరి అంకెలతో పోల్చి చంకలు గుద్దుకోవడానికి మాత్రం వీల్లేదు. గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్లవారిని పలకరించిన 2023 నాటి ‘అసర్’ సర్వే ఇంకా స్పష్టంగా చెప్పింది: పద్నాలుగేళ్లవారిలో ఏ విద్యాసంస్థలోనూ పేరు లేనివారు 3.9 శాతమైతే, పద్దెనిమిదేళ్లవారిలో వారు 32.6 శాతం. నాలుగేళ్లలో ముగ్గురిలో ఒకరు చేజారిపోతున్నారు.

ఎనిమిది దాటగానే ఎందుకు ఈ జారుడు? పిల్లల తప్పో తల్లిదండ్రుల తప్పో అని సరిపెట్టుకునే ముందు మన చట్టాలను ఒకసారి పక్కపక్కన పెట్టి చదవాలి. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికే వర్తిస్తుంది, ఎనిమిదో తరగతితో దాని పని అయిపోతుంది. కేంద్రం నిధులతో నడిచే మధ్యాహ్న భోజనమూ అక్కడితోనే ఆగుతుంది. తొమ్మిది, పది తరగతులవారికి తెలుగు రాష్ట్రాలు సొంత ఖర్చుతో వడ్డిస్తున్నాయి. ప్రాథమిక బడి కిలోమీటరు దూరంలో ఉండాలన్న నిబంధన, ఉన్నత పాఠశాల దగ్గరకొచ్చేసరికి అయిదు కిలోమీటర్లయింది. ఇక బాలకార్మిక నిషేధ చట్టం. 2016 సవరణ ప్రకారం పద్నాలుగు నిండిన పిల్లలను ప్రమాదకర పనులు మినహా మిగతా వాటిలో పెట్టుకోవచ్చు. ఒక చట్టం బడి గేటు దగ్గర చెయ్యి వదిలేసే వయసులోనే మరో చట్టం కూలికి రమ్మని తలుపు తీసి పెడుతోంది. ఇంతకంటే స్పష్టమైన ఆహ్వానపత్రిక ఉంటుందా?

పద్నాలుగు అన్న అంకె 1950 నాటిది. పదేళ్లలో ఆ వయసు వరకు అందరికీ నిర్బంధ ఉచిత విద్య అందించాలని రాజ్యాంగంలోని 45వ అధికరణం అప్పట్లో రాజ్యానికి చెప్పింది. 1960కి కావలసిన పని హక్కుగా మారడానికి 2002 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా లోకం మారింది. ఎనిమిది చదివితే బతుకు దొరికే రోజులు పోయాయి. పదో తరగతి మెమో లేకపోతే ఐటీఐలో చాలా ట్రేడ్లకు దరఖాస్తు కూడా పెట్టుకోలేరు.

చట్టం ఒక్కటే కారణమని మేము అనడం లేదు. ‘అసర్’ ప్రకారం 14 నుంచి 18 ఏళ్లవారిలో దాదాపు నాలుగో వంతు తమ భాషలో రెండో తరగతి పాఠాన్ని తడుముకోకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు సగం మంది కూడా లేరు. అలాంటి పిల్లవాడిని తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం ముందు కూర్చోబెడితే రోజంతా నల్లబల్ల వంక చూస్తూ గడపడం ఎంత అవమానమో పెద్దవాళ్లం ఊహించుకోవాలి. పత్తి చేలోకి వెళితే కనీసం సాయంత్రానికి కూలి చేతికొస్తుంది, ఎవరూ లేచి నిలబడమనరు. తీరా ఇప్పుడు అయిదు, ఎనిమిది తరగతుల్లో తప్పినవారిని అక్కడే ఉంచేయవచ్చని 2024 డిసెంబరులో కేంద్రం నిబంధనలు మార్చింది. నేర్పకుండా పై తరగతికి పంపడం తప్పే. నేర్పకుండా తప్పించడం అంతకంటే పెద్ద తప్పు.

నేర్పేవారెవరు? 2024-25 లెక్కల ప్రకారం దేశంలో ఒకే ఉపాధ్యాయుడున్న బడులు లక్షకు పైగా, వాటిలో పిల్లలు 33 లక్షలకు పైగా. ఆ ఒక్కరే అన్ని తరగతులకూ పాఠం చెప్పాలి, భోజనం లెక్క రాయాలి, యాప్‌లో ఫొటోలు ఎక్కించాలి, ఎన్నికలొస్తే ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. జాతీయాదాయంలో ఆరు శాతం చదువుకు వెచ్చించాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది, 2020 విద్యావిధానం మళ్లీ చెప్పింది. ఆ మెట్టు మనం ఇంతవరకూ ఎక్కలేదు. పిల్లలను బడికి పంపినందుకు ప్రభుత్వాలు తల్లుల ఖాతాల్లో వేసే సొమ్మును మేము తప్పుపట్టం. లెక్కల మాస్టారు లేని లోటును ఆ సొమ్ము పూడ్చదని మాత్రం గుర్తుచేస్తాం.

చేస్తే ఫలితం ఉంటుందని చూపినవారు లేకపోలేదు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలేనన్న ఒక్క సూత్రంతో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఊరూరా తిరిగి పనుల్లోని పిల్లలను శిబిరాలకు, అక్కడి నుంచి వయసుకు తగ్గ తరగతులకు చేర్చింది. ఆ కృషికే దాన్ని నడిపించిన శాంతాసిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. బిహార్ 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ల డబ్బు ఇచ్చింది. ఉన్నత పాఠశాలల్లో బాలికల చేరికలు 32 శాతం పెరిగాయని ఆ పథకంపై జరిగిన అధ్యయనం తేల్చింది. అయిదు కిలోమీటర్ల దూరాన్ని రెండు చక్రాలు దగ్గర చేశాయి.

తొమ్మిదో తరగతి పట్టీలో వరుసగా వారం రోజులు ఖాళీ కనబడితే ఆ ఇంటికి మనిషి వెళ్లే ఏర్పాటు రాష్ట్రాలు రేపే చేయవచ్చు, అందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు. విద్యాహక్కును పద్దెనిమిదేళ్ల వరకు పొడిగించడం పార్లమెంటు పని. దానికి కొత్త కమిటీ వేయవలసిన అవసరమూ లేదు. కస్తూరిరంగన్ కమిటీ జాతీయ విద్యావిధానం 2019 ముసాయిదాలో మూడేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఆ హక్కు వర్తింపజేయాలని సిఫార్సు చేసింది. మరుసటి ఏడాది ఆమోదించిన విధానంలో ఆ సిఫార్సు కనిపించలేదు. ఎందుకు తీసేశారో విద్యాశాఖ మొదట అది చెప్పాలి.