రెండు జీబీ గ్రాఫిక్స్ కార్డు గారికి ఒక మహజరు

మహారాజశ్రీ రెండు జీబీ గ్రాఫిక్స్ కార్డు గారి సముఖానికి,

విషయం: పాత డెస్క్‌టాప్‌లకు కొత్త విండోస్ ఎక్కించే పుణ్యకార్యంలో తమరి సేవల గురించి.

ఆర్యా,

తమరిని "రెండు జీబీ" అని పిలుస్తున్నందుకు నొచ్చుకోవద్దు. తెర మీద బొమ్మలు గీసిపెట్టే తమరి జాతిని మా వైపు లోపలి మెమరీ లెక్కనే కొలుస్తాం. లోపల చిప్పు ఏది, అది ఏనాటిది, మెమరీ నిదానపు డీడీఆర్ 3నా, వేగమైన జీడీడీఆర్ 5నా అని అడిగేవాళ్లు కొట్టుకి రారు. వచ్చి అడిగినా, "అవన్నీ ఎందుకు సార్, రెండు జీబీ!" అని కొట్టాయన పెట్టె తీసి బల్ల మీద పెడతాడు. ఆ పెట్టె మీద ఉక్కు కవచం తొడుక్కుని కళ్లలోంచి నిప్పులు రాలుస్తున్న వీరుడు ఒకడుంటాడు. తెరిచి చూస్తే అరచేయంత బోర్డు, దాని మీద గిరగిర తిరిగే బుల్లి ఫ్యాను, అడుగున ఒక డ్రైవర్ (కార్డును విండోస్‌కి పరిచయం చేసే సాఫ్ట్‌వేర్) సీడీ. ఆ సీడీ పెడదామంటే క్యాబినెట్‌లో డ్రైవ్ పనిచేసి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తుండదు. వీరుడు మాత్రం ఎంత వెతికినా కనపడడు.

ఇంతకీ ఈ మహజరుకు కారణం మా బాబాయి. ఆయనది పెళ్లి కార్డుల డీటీపీ కొట్టు. రెండో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, నాలుగు జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, వీజీఏ మానిటర్. పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాల అను ఫాంట్లు, "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు". పేజ్‌మేకర్ 7 అన్నది 2001 నాటి సరుకు. దానికి తమరితో పనిలేదు, తమరు లోకంలో ఉన్నారనీ తెలియదు. విండోస్ 7కి 2020 జనవరి 14తో మద్దతు ఆగిపోయినప్పుడు బాబాయి చలించలేదు, "అయితే ఏంట్రా, తిరుగుతోంది కదా" అన్నాడు. చాలా రోజులకు బలవంతం మీద 10 ఎక్కించుకున్నాడు. దానికీ 2025 అక్టోబర్ 14న చెల్లుచీటీ రాశారు. ఈసారి తెర నిండా నోటీసు రావడం మొదలయ్యేసరికి ఆయనకి టెన్షన్ పట్టుకుని, సీపీయూ స్కూటర్ ముందు నిలబెట్టుకుని రిపేర్ కొట్టుకి పట్టుకెళ్లాడు.

కొట్టాయన స్క్రూ కూడా విప్పకుండానే తేల్చేశాడు. "బోర్డులో ఉన్న గ్రాఫిక్స్‌కి విండోస్ పదకొండు ఎక్కదండీ మాస్టారూ. రెండు జీబీ కార్డు పడేద్దాం, బండి ఎగిరిపోద్ది. బిల్లుతోనా, బిల్లు లేకుండానా? బిల్లయితే జీఎస్టీ 18 శాతం పైన పడుద్ది."

ఆయన చెప్పింది పచ్చి అబద్ధమైతే ఈ ఉత్తరం ఆయనకే రాసేవాణ్ని. సగం నిజం కాబట్టే తమరికి రాయాల్సి వచ్చింది. రెండో తరం ఐ3లో ఉండే ఇంటెల్ హెచ్‌డీ 2000 గ్రాఫిక్స్, బొమ్మలు గీయించుకోవడానికి విండోస్ వాడే డైరెక్ట్‌ఎక్స్ అనే భాషలో 10.1 దగ్గరే ఆగిపోయింది. విండోస్ 11 అర్హతల జాబితాలో గ్రాఫిక్స్ ఎదురుగా డైరెక్ట్‌ఎక్స్ 12, డబ్ల్యూడీడీఎం 2.0 (కొత్త తరహా) డ్రైవర్ అని రాసి ఉంది. ఆ వరుస వరకు తమరు తప్పనిసరే. కానీ అదే జాబితాలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఇంకో వరుసలో ఉంది. కంప్యూటర్ లేచేటప్పుడు దొంగ సాఫ్ట్‌వేర్‌ను ఆపే సెక్యూర్ బూట్ అని ఒకటుంది. ప్రాసెసర్ ఇంటెల్‌దైతే ఎనిమిదో తరందో అంతకన్నా కొత్తదో కావాలన్నది అన్నిటికంటే పెద్దది. మా బాబాయిది రెండో తరం. ఆ వరుసల మీద కొట్టాయన బొటనవేలు ఉంది కాబట్టి అవి కనపడలేదు.

పూర్వం జిరాక్సు కాగితాల మీద గెజిటెడ్ ఆఫీసరు గారు పచ్చ ఇంకుతో సంతకం చేసేవారు, గుర్తుందా? లోపల ఏముందో ఆయన చదివేవాడు కాదు, సంతకం ఉంటే గుమస్తా చదివేవాడు కాదు. తమరు ఆ పచ్చ సంతకం. ఒక్క తేడా ఏమిటంటే సంతకానికి ఆయన డబ్బు తీసుకోకూడదు, తమరికి ముందే చెల్లించాలి.

విండోస్ వారి కిటికీలు (విండోలు) గీయడానికి తమరి దాకా ఎందుకు రావాల్సి వచ్చిందో కూడా కొంచెం చెప్పుకోవాలి. ఎక్స్‌పీ రోజుల్లో కిటికీని నేరుగా తెర మీదే గీసేవారు. 2007లో విస్టా వచ్చి పద్ధతి మార్చేసింది. ప్రతి కిటికీ ముందు మెమరీలో విడిగా తయారవ్వాలి, ఆ తరవాత గ్రాఫిక్స్ చిప్పు వాటన్నిటినీ వరసగా పేర్చి, అంచులకు గాజు మెరుపు అద్ది, తెర మీదకు పంపాలి. పద్ధతి మంచిదే, కిటికీ లాగుతుంటే తోకలా చారలు పడే జాడ్యం పోయింది. విండోస్ 7 వరకు వద్దనుకుంటే ఈ హంగు ఆపేసుకోవచ్చు. 8 నుంచి ఆ మీట తీసేశారు. డ్రైవర్ దొరకని చిప్పయితే వార్ప్ అనే ఏర్పాటుతో ఆ పనంతా ప్రాసెసర్ నెత్తిన రుద్దుతారు. అంటే పెళ్లికొడుకు పేరు టైపు కొట్టాలన్నా, క్యాలిక్యులేటర్ తెరవాలన్నా గ్రాఫిక్స్ శాఖ అనుమతి కావాలి. తమరి ప్రభ అప్పుడే మొదలైంది.

అప్పుడే తమరి పేరు చెప్పి జరిగిన మొదటి తమాషా కూడా చరిత్రలో ఉంది. విస్టా ఇంకా రాకముందే, 2006లో, అమెరికా దుకాణాల్లో కంప్యూటర్లకు "విస్టా కేపబుల్" అని స్టిక్కర్లు అంటించారు. ఇంటెల్ 915 చిప్‌సెట్ (గ్రాఫిక్స్‌తో కలిపి బోర్డు మీద ఉండే చిప్పులు) ఉన్నవాటికీ అంటించారు. ఆ చిప్‌సెట్‌కి కొత్త తరహా డ్రైవర్ లేదు, గాజు కిటికీలు దాని మీద తెరుచుకోవు. కొన్నవాళ్లు కోర్టుకెక్కితే, 2008లో కంపెనీ లోపలి ఈ-మెయిళ్లు బయటపడ్డాయి. మైక్రోసాఫ్ట్ పెద్దల్లో ఒకాయన, తన 2,100 డాలర్ల ల్యాప్‌టాప్ ఈ-మెయిల్ చూసుకోవడానికి తప్ప పనికిరావట్లేదని అందులో మొత్తుకున్నాడు. స్టిక్కర్ నమ్మి మోసపోయినవాళ్లలో స్టిక్కర్ అంటించిన ఇంటివాళ్లూ ఉన్నారని తెలిసి మా బాబాయి చాలా తృప్తి పడ్డాడు.

ఆపిల్ వాళ్ల ఇంట్లో ఇంకా దర్జాగా జరిగింది. 2010, 2012 నాటి మ్యాక్ ప్రోలకు 2018లో మొహావీ అనే కొత్త మ్యాక్ ఓఎస్ ఎక్కించుకోవాలంటే మెటల్ (డైరెక్ట్‌ఎక్స్‌కి ఆపిల్ వాళ్ల వరస) తెలిసిన గ్రాఫిక్స్ కార్డు ఉండాలన్నారు. ఏ కార్డులు కొనుక్కోవచ్చో పేర్లు కూడా వాళ్లే ఇచ్చారు. జనం బుద్ధిగా కొనుక్కున్నారు. మ్యాక్ కోసం తయారుకాని కార్డయితే యాపిల్ బొమ్మ, బూట్ మెనూ ఏవీ కనపడవు, లాగిన్ దాకా నల్లటి తెర. దానికీ సర్దుకున్నారు. ఏడాది తిరిగీ తిరగగానే, 2019 అక్టోబర్‌లో తరవాతి ఓఎస్ కటాలినా వచ్చింది. ఆ మ్యాక్ ప్రోలకు కార్డు ఉన్నా సరే ప్రవేశం లేదు. పచ్చ సంతకం గడువు ఒక ఏడాది అన్నమాట.

ఇక తమరి వంశం. ఇందులో ఎవరు ఎవరో పోల్చుకోవడానికి పురోహితుడు కావాలి. జీటీ 730 అని 2014లో ఒకాయన పుట్టాడు. పేరు ఒకటే, శరీరాలు మూడు. ఒకదానిలో పాత ఫెర్మీ తరం చిప్పు, 96 కోర్లు (లెక్కలు చేసే కూలీలు). మిగతా రెండింటిలో దాని తరవాతి కెప్లర్ తరం, 384 కోర్లు; వాటిలో ఒకదానికి డీడీఆర్ 3, ఒకదానికి జీడీడీఆర్ 5. తరవాత జీటీ 1030. 2017లో జీడీడీఆర్ 5తో, సెకనుకు 48 జీబీ వేగంతో వచ్చి మంచి పేరు తెచ్చుకున్నాక, 2018లో అదే పేరుతో డీడీఆర్ 4 వేసిన కార్డును బజారులోకి వదిలారు. వేగం సెకనుకు 17 జీబీ లోపే. జీబీలు అడిగినవాడికి రెండిట్లోనూ రెండే, ఎవరినీ మోసం చేసినట్టు కాదు. సెకండ్ హ్యాండ్ బజారులో అయితే పాత ఫెర్మీ కార్డుకు దొంగ బయోస్ (కార్డు తన పేరు చెప్పుకునే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించి, జీటీఎక్స్ 1050 టీఐ అని నామకరణం చేసి అమ్మే ఘనులున్నారు. జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ అలాంటివాటిని పట్టుకుని పేరు ముందు "ఫేక్" అని చూపించే ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చిందంటే చూడండి.

ఇక జీటీ 710 గారు. మా వైపు రెండు జీబీ అంటే ఎక్కువగా ఈయనే. 2016 జనవరిలో బజారుకొచ్చినా లోపల ఉన్నది 2012 నాటి కెప్లర్. కరెంటు 19 వాట్లు మించి ముట్టడు. లోకల్ ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా డబ్బా) మీద కూడా అలిగే రకం కాదు, వీజీఏ పోర్టు కూడా ఉంటుంది, ఆ మేరకు మర్యాదస్తుడే. తమ్ముడి వరస కుర్రాడు జీటీఏ 5 ఆడదామని పెద్ద కార్డు తెచ్చి, స్లాటు ఇచ్చే 75 వాట్లు చాలక అదనపు కరెంటు ఇచ్చే సిక్స్ పిన్ వైరు కోసం సందుల్లో తిరిగినప్పుడు ఈయన విలువ తెలిసొస్తుంది. కానీ ఈయన "డైరెక్ట్‌ఎక్స్ 12" కూడా పైపూతే, అసలు చేతనైన పనులు (ఫీచర్ లెవెల్) 11_0 దాటవు. ఇంకో సంగతి. విండోస్ 11 విడుదలైంది 2021 అక్టోబర్ 5న. కెప్లర్ డెస్క్‌టాప్ కార్డులకు మామూలు డ్రైవర్ అప్‌డేట్లు ఆగిపోయింది కూడా ఆ అక్టోబర్‌లోనే. భద్రతా అప్‌డేట్లు కూడా 2024 సెప్టెంబర్‌తో సరి. కొత్త విండోస్ కోసం కొన్న కార్డుకు, కొత్త విండోస్ వచ్చిన నెలలోనే పదవీ విరమణ! దుకాణంలో మాత్రం సీలు విప్పని పెట్టెలో, కళ్లలోంచి నిప్పులు రాలుస్తూ కొలువులోనే ఉన్నాడు.

పోనీ ఈ తరం వాళ్లని తెచ్చుకుందామా అంటే వాళ్ల పట్టింపులు వాళ్లవి. 2022లో వచ్చిన రేడియన్ ఆర్ఎక్స్ 6400 బుల్లి క్యాబినెట్‌లో ఇమిడిపోతుంది, వేరే వైరు అడగదు, చూస్తే పాత డెస్క్‌టాప్ కోసమే పుట్టిందనిపిస్తుంది. తీరా అది వాడుకునేది నాలుగు పీసీఐఈ లేన్లే (కార్డుకూ బోర్డుకూ మధ్య సమాచారం నడిచే దారులు). నాలుగో తరం పీసీఐఈ ఉన్న బోర్డులో చాలుతాయి, మా హెచ్61 మీద రెండో తరం ఐ3తో అయితే సెకనుకు రెండు జీబీ దారి మాత్రమే మిగులుతుంది. ఇంటెల్ వాళ్ల ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే ఏర్పాటు) కావాలి, దాని కోసం పదో తరం ప్రాసెసరో అంతకన్నా కొత్తదో ఉండాలంటారు. పాత కంప్యూటర్‌ను కొత్తది చేసే కార్డుకు ముందు కొత్త కంప్యూటర్ ఉండాలి. పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు.

మళ్లీ బాబాయి దగ్గరికి వద్దాం. తమరు స్లాట్లో ఆసీనులయ్యాక కూడా టీపీఎం లేదు, ప్రాసెసర్ చెల్లదు అని సెటప్ మొండికేసింది. కొట్టు కుర్రాడు యూట్యూబ్ చూసి, విండోస్ సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీలో ఏవో రెండు మూడు గీతలు గీకి, తనిఖీలన్నీ తప్పించి పదకొండు ఎక్కించేశాడు. ఎలాగూ దొడ్డిదారే అయినప్పుడు సింహద్వారం దగ్గర తమరి సంతకం దేనికని బాబాయి అడగలేదు. బండి ఎగరనూ లేదు. పేజ్‌మేకర్ తెరవమని నొక్కి, టీ తాగి రావచ్చు.

నేను వెళ్లి టాస్క్ మేనేజర్ తెరిచాను. డిస్క్ 100 శాతం, ఎర్రగా. మెమరీ నిండు కుండ. జీపీయూ, అంటే తమరి దగ్గర చూస్తే 0 శాతం. ఎంతసేపు చూసినా గీత లేవదు. అనుమానం వచ్చి క్యాబినెట్ వెనక్కి వంగాను. మానిటర్ వీజీఏ వైరు, రెండు స్క్రూలూ గట్టిగా బిగించి, మదర్‌బోర్డు పోర్టుకే ఉంది. తమరి పోర్టుకు దుమ్ము పడకుండా పెట్టే నల్ల మూత ఇంకా అలాగే ఉంది. ఆ బోర్డు బయోస్ సెట్టింగుల్లో బోర్డు గ్రాఫిక్సూ కార్డూ రెండూ తెరిచి ఉండటంతో ఎవరికీ తెలియలేదు. అంటే ఇన్నాళ్లూ కిటికీలు పేరుస్తున్నది, గుండ్రటి మూలలు దిద్దుతున్నది ఆ హెచ్‌డీ 2000. పదకొండు ఎక్కదని కొట్టాయన కొట్టిపారేసిన ఆ బోర్డు గ్రాఫిక్సే, ఏనాటిదో పాత డ్రైవర్‌తో, పదకొండును మోస్తోంది. తమరు పక్కన కూర్చుని ఫ్యాను తిప్పుకుంటున్నారు.

ఆ హార్డ్‌డిస్క్ తీసి ఒక ఎస్ఎస్‌డీ పెట్టి, ఇంకో నాలుగు జీబీ ర్యామ్ గుచ్చాను. హెచ్61లో డిస్కు దారి (సాటా) వేగం సెకనుకు పాత మూడు గిగాబిట్లదే అయినా, పేజ్‌మేకర్ ఇప్పుడు నొక్కగానే తెరుచుకుంటోంది. బాబాయి మురిసిపోయి, కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు: "గ్రాఫిక్స్ కార్డు వేయించానయ్యా, ఏం స్పీడనుకున్నావ్!" ఆ కీర్తి కూడా తమరి ఖాతాలోనే జమ. సెట్టింగ్స్ పైన మాత్రం "సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ నాట్ మెట్" అన్న వాక్యం అలాగే ఉంది. దాన్ని బాబాయి కంపెనీ ప్రకటన అనుకుంటున్నాడు.

కాబట్టి తమరు దయచేసి ఇంకో కొలువు చూసుకోవలసిందిగా ప్రార్థన. రెండో మానిటర్ కావలసిన వాళ్లకు తమరు నిజంగా పనికొస్తారు, బోర్డు వీజీఏ కాలిపోయిన వాళ్లకు ఆపద్బాంధవులు. అలాంటి ఇల్లు చూసి పంపిద్దామనే పెట్టెలో వీరుడి పక్కన తమరిని సర్ది కొట్టుకి తీసుకెళ్లాను. కొట్టాయన అటూ ఇటూ తిప్పి చూసి, బిల్లు అడిగాడు. బిల్లు లేదు. బిల్లు లేకపోతే వాపసు కుదరదన్నాడు. కాసేపాగి నా మొహం చూసి జాలిపడి, మీరు తెలిసినవాళ్లు కాబట్టి చెబుతున్నానండీ, పైన ఇంకో రెండు వేలు వేసుకుంటే నాలుగు జీబీ ఇస్తాను అన్నాడు.

ఇట్లు,
తమరి విధేయుడు,
స్క్రూడ్రైవర్ ఉన్న పాపానికి బంధువులందరికీ అందుబాటులో ఉండేవాడు