మోకాలికి ఒక లెక్క, నడుముకు మరో లెక్క

‘ఎముకల ఆపరేషన్ చేయించుకుంటే ఇక మంచమెక్కడమే’ అనే మాట కోనసీమ ఊళ్లలో బలంగా వినిపిస్తుంది. ‘ఆపరేషన్ అయిన మర్నాడే నడక’ అనే హోర్డింగులు రాజమహేంద్రవరం, భీమవరం, కాకినాడ రోడ్ల మీద అంతే బలంగా కనిపిస్తాయి. ఈ రెండు మాటలకూ మధ్య రెండు రకాల మనుషులు నలుగుతున్నారు. మోకాళ్లు పూర్తిగా అరిగి ఏళ్ల తరబడి గడప దాటని పెద్దవాళ్లు ఒక రకం. నడుము పట్టేసిన మూడో వారానికే ఎమ్మారై కాగితం పట్టుకుని ఆపరేషన్ తేదీ అడుగుతున్న నడివయసువాళ్లు రెండో రకం. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: గోదావరి డెల్టాలో చాలామంది మోకాలి ఆపరేషన్‌కు ఆలస్యంగా వెళుతున్నారు, నడుము ఆపరేషన్‌కు తొందరపడి వెళుతున్నారు. రెండింటినీ ‘ఎముకల ఆపరేషన్’ అని ఒకే గాటన కట్టడం వల్లే ఈ తలకిందుల వ్యవహారం.

ఈ నేల మీద బతుకుతెరువు కీళ్లతో ముడిపడినది. సార్వాకూ దాళ్వాకూ నాట్లు వేసే స్త్రీలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బురదలో నడుము వంచే ఉంటారు. జట్టు కూలీలు 75 కిలోల ధాన్యం బస్తా వీపున వేసుకుని లారీ బల్ల ఎక్కుతారు. కొబ్బరి దింపు, ఒలుపు కార్మికులకు మోకాళ్లు, భుజాలు, నడుమే పెట్టుబడి. వీళ్లలో ఎవరికైనా నొప్పి మొదలైతే మొదట వెళ్లేది ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి. సూదితో రెండు రోజులు హాయిగా ఉంటుంది, మూడో రోజు పనిలోకి దిగుతారు. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. స్టెరాయిడ్ మాత్రలు అదే పనిగా వాడితే ఎముక గుల్లబారుతుంది, షుగరు పెరుగుతుంది. కొందరికి తుంటి ఎముక తలకు రక్తం అందక అది నిర్జీవమైపోతుంది కూడా. ఆపరేషన్‌కు భయపడి ఏళ్లు గడిపినవాళ్లు చివరకు ఆ ఆపరేషన్ ప్రమాదాన్నే పెంచుకుని ఆసుపత్రికి వస్తున్నారు.

మోకీలు మార్పిడి విషయంలో మన దగ్గర ఉన్న సాక్ష్యం గట్టిది. వివిధ దేశాల్లో కీళ్ల ఆపరేషన్ల నమోదు పుస్తకాల్లోని వివరాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పూర్తి మోకీలు మార్చినవాటిలో వందకు 82 పాతికేళ్ల తరువాత కూడా పనిచేస్తున్నాయని అది తేల్చింది. తుంటి కీలు విషయంలో ఆ అంకె 58. అరవై అయిదేళ్ల మనిషికి పాతికేళ్లంటే దాదాపు మిగిలిన జీవితమంతా. నలభై అయిదేళ్ల మనిషికి మాత్రం అది సరిపోదు, రెండోసారి ఆపరేషన్ తప్పకపోవచ్చు. వయసు తక్కువైనప్పుడు డాక్టర్లు వెనకాడేది అందుకే.

డెన్మార్క్‌లో మోకాళ్లు అరిగిన వందమంది మీద చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. అందరికీ వ్యాయామం, బరువు తగ్గే సలహా, మందులు ఇచ్చి, అందులో సగం మందికి అదనంగా ఆపరేషన్ చేశారు. ఏడాది తరువాత ఆపరేషన్ చేయించుకున్నవారి నొప్పి, నడక చాలా మెరుగ్గా ఉన్నాయి. అయితే తీవ్రమైన దుష్ఫలితాలు కూడా వారిలోనే ఎక్కువ. రెండో సగంలో ఆ ఏడాదిలో ఆపరేషన్ దాకా వెళ్లింది నాలుగో వంతు మందే. దీన్ని నేను ఇలా చదువుకుంటాను: ముందు మూడు నెలలు తొడ కండరాలకు నిజమైన వ్యాయామం, బరువు తగ్గడం ప్రయత్నించాలి. అప్పటికీ రాత్రి నిద్ర పట్టకుండా నొప్పి, వీధి చివరి దాకా నడవలేని స్థితి ఉంటే, ఎక్స్‌రేలో కీలు సందు మూసుకుపోయి ఉంటే, అప్పుడు ఇంకా వాయిదా వేయడం నష్టం. కాలు దొడ్డిగా వంకరపోయి, తొడ కండ బక్కచిక్కిపోయాక చేసే ఆపరేషన్ ఫలితం కూడా అంతంతమాత్రంగానే ఉంటుంది.

ఫలితం అంటే ఏమిటో ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోవాలి. మోకాలు మార్పించుకున్నవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరు పూర్తి సంతృప్తి లేదని చెబుతారు. దీనికి పెద్ద కారణం, ముందు పెట్టుకున్న ఆశ. కొత్త కీలు సాధారణంగా 110 నుంచి 120 డిగ్రీల దాకా వంగుతుంది. గొంతుక్కూర్చోవడానికి అంతకంటే బాగా ఎక్కువ వంగాలి. ఇంట్లో పాత పద్ధతి మరుగుదొడ్డే ఉంటే ఆపరేషన్‌కు ముందే కమోడ్ పెట్టించుకోవాలి. ఆ ఖర్చు ఏ ఆసుపత్రి అంచనాలోనూ ఉండదు. నేల మీద కూర్చుని కూరలు తరగడం, పీట మీద భోజనం, గుడిలో మోకరిల్లడం తగ్గించుకోవాలి. నడక, మెట్లెక్కడం, బస్సెక్కడం, రాత్రి నిద్ర తిరిగి వస్తాయి. మళ్లీ నాట్లలోకి దిగుతానని, బస్తాలెత్తుతానని మాత్రం ఎవరూ అనుకోకూడదు. ఆ మాట డాక్టరు చెప్పకపోతే తప్పు డాక్టరుదే.

అసలు భయపడవలసింది చీముకు. నూటికి ఒకరిద్దరికి కొత్త కీలులో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ముదిరితే పెట్టిన కీలు తీసేసి, మందు కలిపిన సిమెంటు ముద్ద పెట్టి, వారాలపాటు యాంటీబయాటిక్స్ ఇచ్చి, మళ్లీ ఇంకో కీలు పెట్టాలి. శరీరానికీ ఇంటి ఆదాయానికీ అది మొదటి ఆపరేషన్ కన్నా పెద్ద దెబ్బ. షుగరు అదుపులో లేకుండా ఆపరేషన్ బల్ల ఎక్కకూడదని అందుకే అంటారు. డెల్టాకు సంబంధించిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. బురదలో, చేపల చెరువుల్లో తిరిగేవాళ్లకు కాలివేళ్ల సందులు నాని పుండ్లు పడటం మామూలే. అదే కాలికి కీలు మార్చినప్పుడు ఆ పుండులోని సూక్ష్మక్రిములు రక్తం ద్వారా కీలులోకి చేరగలవు. ఆపరేషన్‌కు ముందు పాదాలు, పళ్లు చూపించుకోవడం, ఏళ్లు గడిచాక కూడా కాలి పుండును తేలికగా తీసుకోకపోవడం అవసరం.

ఇక నడుము. మోకాలు బాగా అరిగినప్పుడు ఎక్స్‌రేకూ నొప్పికీ కొంతవరకైనా పొంతన కుదురుతుంది. వెన్ను విషయంలో ఆ పొంతన బలహీనం. ఏ నొప్పీ లేనివారి స్కానింగులను సమీక్షించిన 2015 నాటి పరిశీలన ప్రకారం, ఇరవై ఏళ్లవారిలోనే నూటికి 30 మందికి డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బు కనిపిస్తుంది. ఎనభై ఏళ్లకు అది 84 అవుతుంది. తల నెరిసినట్టే డిస్కులూ అరుగుతాయి. ‘ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్’ (నడుము నాలుగో, ఐదో పూసల మధ్య డిస్క్ ఉబ్బు) అని కాగితం మీద రాసి ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని కాదు. కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి, బలహీనత ఏ నరానిదో డాక్టరు చేత్తో పరీక్షించి, దానికి స్కానింగు సరిపోలితేనే ఆ కాగితానికి విలువ. మంచం మీద పడుకోబెట్టి కాలు నిటారుగా లేపి చూడకుండానే ఆపరేషన్ రాసిచ్చే చోటి నుంచి బయటికి రావడం మేలు.

సయాటికా (నడుము నుంచి కాలిలోకి పాకే నరం నొప్పి) తీవ్రంగా ఉన్న 283 మందితో నెదర్లాండ్స్‌లో చేసిన ప్రయోగం 2007లో వెలువడింది. కొందరికి త్వరగా ఆపరేషన్ చేశారు, మిగిలినవారికి ఆగి చూశారు. త్వరగా చేయించుకున్నవారి కాలి నొప్పి వేగంగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ నూటికి 95 మంది కోలుకున్నామన్నారు. ఆగి చూసినవారిలో నూటికి 39 మంది చివరకు ఆపరేషన్ చేయించుకున్నారు, మిగిలినవారికి దాని అవసరమే పడలేదు. అంటే ఈ ఆపరేషన్ ఎక్కువమందికి ఇచ్చేది వేగం. రోజు కూలీ మీద బతికే మనిషికి వేగం చిన్న విషయం కాదని నేను ఒప్పుకుంటాను. అయితే ఆపరేషన్ అయిన వెంటనే ఎవరూ బస్తా ఎత్తనివ్వరు, పోగొట్టుకునే కూలి అక్కడా ఉంది. పైగా ఈ ఆపరేషన్ ప్రధానంగా కాలి నొప్పికి పనికొస్తుంది. నరం నొక్కుడు లేని ఉత్త నడుము నొప్పికి చేస్తే నొప్పి అలాగే మిగిలిపోయే అవకాశం చాలా ఎక్కువ.

స్క్రూలు, రాడ్లు వేసి వెన్నుపూసలను అతికించే ఆపరేషన్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. వెన్ను కాలువ ఇరుకైన 247 మంది మీద స్వీడన్‌లో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. నరాల మీద ఒత్తిడి తీసేయడంతో పాటు పూసలను అతికించినవారు, అతికించనివారి కన్నా రెండేళ్ల తరువాత మెరుగ్గా ఏమీ లేరు. ఖర్చు, ఆసుపత్రిలో గడిపిన రోజులు మాత్రం పెరిగాయి. ఎముక విరిగినప్పుడు, క్షయ లేదా కణితి పూసను తినేసినప్పుడు, పూస అదుపు తప్పి కదులుతున్నప్పుడు స్క్రూలు ప్రాణాధారం. మిగతా సందర్భాల్లో ‘అతికించడం ఎందుకు’ అని రెండో డాక్టరును అడిగే హక్కు రోగిది.

ఆగకూడని సందర్భాలు కూడా ఉన్నాయి, అవి ఊరందరికీ తెలియాలి. కూర్చునే చోట తిమ్మిరి, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, పాదం పైకి లేవకుండా ఈడ్చుకుపోవడం, కాళ్ల బలం రోజురోజుకూ తగ్గడం కనిపిస్తే అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. అప్పుడు సూదులతో, కట్లతో గడిపిన ఒక్కో రోజూ తిరిగిరాని నష్టం.

ఖర్చు దగ్గరికి వద్దాం. మోకీలు పరికరాల ధరకు కేంద్ర ప్రభుత్వ ధరల సంస్థ 2017 ఆగస్టులో పరిమితి పెట్టింది. అప్పటిదాకా లక్షన్నరకు పైగా అమ్మిన కోబాల్ట్ క్రోమియం అనే మిశ్రమలోహపు రకానికి పన్ను కాకుండా రూ.54,720 గరిష్ఠ ధర నిర్ణయించింది. తరువాత సవరణలు జరిగినా పరిమితి అనే పద్ధతి నిలిచింది. అయితే ఆ పరిమితి లోహానికే తప్ప ఆపరేషన్ గదికి, గది అద్దెకు, సర్జన్ ఫీజుకు, రోబో వాడకానికి లేదు. పదేళ్లకు మించి రోగులను గమనించిన కొరియా అధ్యయనంలో రోబోతో చేసిన మోకాళ్లకూ మామూలుగా చేసినవాటికీ పనితీరులో తేడా కనిపించలేదు. ఆ పేరుతో అదనంగా అడిగినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వెన్ను స్క్రూలకైతే అటువంటి గరిష్ఠ ధరే లేదు. అందుకే ఒకే రకం ఆపరేషన్‌కు రెండు ఆసుపత్రుల బిల్లులు ఏ మాత్రం పోలిక లేకుండా వస్తాయి.

బిల్లు అసలు ఖర్చులో ఒక భాగమే. రెండు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు నాలుగు వేలు, ఏడాదికి నలభై ఎనిమిది వేలు వడ్డీకే పోతాయి. పక్కన ఉండే మనిషి కూలి, ఆటోలు, ఫిజియోథెరపీ దీనికి అదనం. నా దృష్టిలో ఈ చివరిదే డెల్టాలో అతి పెద్ద లోటు. మోకాలు మార్చాక మొదటి ఆరు వారాల్లో వంచడం, నిటారుగా చాపడం సాధించకపోతే కీలు బిగుసుకుపోతుంది. ఖరీదైన పరికరం లోపల ఉన్నా కాలు కర్రలా మిగిలిపోతుంది. పట్టణంలో ఉన్నవారికి ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు దొరుకుతారు, లంక గ్రామాల్లో దొరకరు. వరదకు కనకాయలంక కాజ్‌వే మునిగి పడవల మీద దాటే రోజుల్లో కుట్ల దగ్గర చీము పట్టిన మనిషి పరిస్థితి ఊహించండి. తొందరలేని కీళ్ల ఆపరేషన్‌ను లంకవాసులు జూలై నుంచి సెప్టెంబరు దాకా పెట్టుకోకుండా, దాళ్వా కోతల తరువాతో, సంక్రాంతి వెళ్లాకో పెట్టుకోవడం మంచిది.

డెబ్బై నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి ఐదు లక్షల దాకా ఆయుష్మాన్ భారత్ వర్తించే పద్ధతిని 2024 అక్టోబరులో కేంద్రం అమల్లోకి తెచ్చింది. రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఏ ఆపరేషన్ జాబితాలో ఉందో ఆసుపత్రి కౌంటరును కాక అక్కడే ఉండే పథకం సిబ్బందిని (ఆరోగ్యమిత్ర లేదా వైద్యమిత్ర) ముందు అడగాలి. జాబితాలో ఉన్న చికిత్సకు పైన డబ్బు అడిగితే ఫిర్యాదు చేయాలి. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం డాక్టర్లకు 2002 నాటి వృత్తి నియమావళి నిషేధించింది. ఆర్‌ఎంపీ ‘నేను చెప్పిన చోటికే వెళ్లండి’ అని పట్టుబడితే అనుమానించడం తప్పు కాదు.

ఇంత చెప్పినా ఒక రోగికి కావలసిన అసలు సమాచారం మన దగ్గర లేదు: ఫలానా ఆసుపత్రిలో చేసిన మోకాళ్లలో ఎన్ని మళ్లీ తెరవవలసి వచ్చింది? స్వీడన్ 1975 నుంచి ప్రతి మోకీలు మార్పిడినీ నమోదు చేస్తోంది. ఆ నమోదు రోగులను ఎలా కాపాడుతుందో ఏఎస్ఆర్ అనే రకం కృత్రిమ తుంటి కీలు ఉదంతం చూపింది. ఆస్ట్రేలియా నమోదు పుస్తకంలో ఆ కీలు త్వరగా విఫలమవుతున్నట్టు తేలడంతో 2009లో అక్కడ అమ్మకం ఆగింది. 2010 ఆగస్టులో దాన్ని తయారుచేసిన కంపెనీ ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలో అదే కీలు వేల మందికి పెట్టారు, వారిలో ఎక్కువమంది ఆచూకీ తరువాత దొరకలేదు. ఎవరికి ఏది పెట్టారో రాసి ఉంచిన చోటే లేదు కనుక.

మన రాష్ట్రంలో ఆ పని కొత్తగా మొదలుపెట్టవలసిన అవసరం కూడా లేదు. వైద్య సేవ ట్రస్టు చెల్లించే ప్రతి బిల్లు వెనుక రోగి కార్డు, ఆసుపత్రి పేరు, ఆపరేషన్ తేదీ ఉంటాయి. అదే కార్డు మీద ఏడాదిలోపు అదే కీలుకు, అదే వెన్నుకు రెండో ఆపరేషన్ జరిగిందా అన్నది కంప్యూటరులో చూడదగిన సంగతి. ఆసుపత్రి వారీగా ఎన్ని ఆపరేషన్లు చేశారు, ఎన్నింటికి చీము పట్టింది, ఎన్ని మళ్లీ తెరిచారు అనే మూడు అంకెలను ఏటా ప్రకటించమని మన శాసనసభ్యులు అడగాలి. ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు పోస్టు భర్తీ చేయించడం కూడా వారి పనే. అది జరిగేలోగా రోగులు చేయగలిగింది ఒకటుంది. పరికరం పెట్టె మీద కంపెనీ పేరు, రకం, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. ఒకటి కేస్ షీటు మీద అతికిస్తారు, మరొకటి డిశ్చార్జి కాగితం మీద అతికించమని అడగండి. రికార్డుల నకలు కోరితే 72 గంటల్లో ఇవ్వాలని అదే 2002 నియమావళి చెబుతోంది.