అక్సెషన్ రిజిస్టరు గారికి ఒక విన్నపం

అయ్యా,

విషయం: 11,482 నంబరు పుస్తకం పోయి, దొరికి, అయినా పోయినట్టే ఉండటం గురించి.

సూచిక: తమరి రిమార్కుల గడిలో నేనే ఎర్ర సిరాతో రాసిన ఒక్క ముక్క.

మన కాలేజీ లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసుకునే రిజిస్టరు తమరు. క్షేమమని తలుస్తాను. తమరికేం, ఎప్పుడూ క్షేమమే. మూరెడు పొడవు, గట్టి అట్ట, గుడ్డ వీపు, పడుకోవడానికి ఇనుప బీరువా. వానాకాలం వస్తే కెమిస్ట్రీ ర్యాకు దగ్గర బకెట్ పెడతాం. తమరికి మాత్రం ప్లాస్టిక్ కవరు కప్పి, తడి తగిలిందా అని ప్రిన్సిపాల్ గారితో సహా అందరం వచ్చి చూస్తాం.

తమరిలో ఏ పుస్తకమూ చిరగదు. ఒక్కో కాపీకి ఒక్కో వరస: రచయిత, పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీలు, ధర, బిల్లు నంబరు. పేజీల గడిలో 412 అని ఉంటే కలకాలం 412. ర్యాకులో ఉన్న పుస్తకానికి 404. సెమిస్టర్ పరీక్షల ముందు ఎవరో బ్లేడుతో నాలుగు కాగితాలు కోసుకుపోయారు, ఎంత శుభ్రంగా అంటే కుట్టు కూడా కదల్లేదు. గేటు బయట జిరాక్స్ పేజీకి రెండు రూపాయలు. ఎనిమిది పేజీలకు పదహారు రూపాయలు ఆదా చేశాడు మహానుభావుడు.

అది బయటపెట్టింది తర్వాత ఆ పుస్తకం తీసుకున్న అమ్మాయి. "సార్, ఇందులో పేజీలు లేవు సార్" అని తనే వచ్చి చెప్పింది. నేనప్పుడు కొత్తగా చేరాను, రూల్స్ పుస్తకం ఇంకా వేడివేడిగా ఉంది. చివరగా ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే బాధ్యులు కాబట్టి ఆ పిల్లకే ఫైన్ వేశాను. ఆ తర్వాత మొన్నమొన్నటి దాకా చిరిగిన పేజీ గురించి నాకు చెప్పిన విద్యార్థి ఒక్కరూ లేరు. తమరి లెక్క ప్రకారం పుస్తకాల ఆరోగ్యం ఆ రోజు నుంచే బాగుపడింది.

వెనకటి తాళపత్రాల వాళ్లు గ్రంథం చివర ఒక శ్లోకం రాసి పెట్టేవారు. నూనె నుంచి కాపాడండి, నీళ్ల నుంచి కాపాడండి, వదులు కట్టు నుంచి కాపాడండి, మూర్ఖుడి చేతిలో మాత్రం పెట్టకండి అని పుస్తకమే మనల్ని బతిమాలుకుంటుంది. మా దగ్గర నూనె మిర్చిబజ్జీది, నీళ్లు పైకప్పువి. వదులు కట్టు సంగతి బైండర్ చూసుకుంటాడు. మైదా జిగురులో మైలుతుత్తం కలపవయ్యా, పురుగు పట్టదు అంటే కలిపానంటాడు. కలిపాడో లేదో ఆర్నెల్లకు పురుగులే చెబుతాయి. అంచులు సమంగా రావాలని కత్తెర వేసి, ఫుట్‌నోట్లు కూడా సమం చేసి ఇస్తాడు. ఇక నాలుగోది, మూర్ఖుడి చెయ్యి. అక్కడ సెల్లో టేపుతో పేజీలు అతికించింది నేనే. నాలుగేళ్లకు టేపు పసుపెక్కి ఊడిపోయింది, జిగురు, మరక ఉండిపోయాయి.

తమరి ధర గడి గురించి కూడా విన్నవించుకోవాలి. 1978లో కొన్న పుస్తకానికి తమరు 18 రూపాయలంటారు. పోగొట్టినవాడు రెండింతలు కట్టాలి అన్నది రూలు. ముప్పై ఆరు రూపాయలు టేబుల్ మీద పెట్టి, నా వైపు జాలిగా చూసి వెళ్లాడొకడు. ఆ పుస్తకం ఇప్పుడు అచ్చులోనే లేదు. ఇంకో తెలివైనవాడున్నాడు. ఆలస్యానికి రోజుకు రూపాయి చొప్పున రెండేళ్లకు 730 రూపాయలు, పుస్తకం ధర 250, పోయిందంటే 500. "పోయింది సార్" అని 500 కట్టాడు. పుస్తకం వాడి హాస్టల్ గదిలో ఫ్యాను కింద కూర్చుని ఉంది. లెక్కల్లో వీకని వాడికి ఇంటర్నల్స్‌లో మార్కులు వేయలేదట, అన్యాయం.

నా ముందు పనిచేసినాయన ఇరవై ఏళ్లలో ఒక్క పుస్తకం పోగొట్టలేదని పేరు. ఛార్జ్ తీసుకున్న రోజు బీరువాలు తెరిస్తే తెలిసింది ఎలాగో. పుస్తకాలు బ్యాంకు నుంచి వచ్చిన కొత్త నోట్లలా పేజీకి పేజీ అంటుకుని ఉన్నాయి. ఏటా ఆగస్టు 12న, మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన రంగనాథన్ గారి పుట్టినరోజని ఆయన ఫొటోకి దండ వేసి, 1931లో ఆయన చెప్పిన మొదటి సూత్రం "పుస్తకాలు వాడుకోవడానికే" అని మైకులో చదివి, బీరువాకు తాళం వేసుకుని వెళ్లేవారట. తప్పు పట్టను. పోయిన పుస్తకానికి జీతంలో కోత పడుతుందని భయపెడితే ఎవరైనా తాళమే వేస్తారు.

ఢిల్లీ వాళ్లకు ఈ సంగతి తెలుసు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలు, 2017, 215వ నియమం: ఏడాదిలో చేతులు మారిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే అది మామూలే, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే చాలు. వెయ్యి రూపాయలు దాటినదో, అరుదైనదో పోతేనే విచారణ తప్పదు. ప్రింట్ తీసి ఆఫీసుకు పట్టుకెళ్లాను. "అది సెంట్రల్ వాళ్లకండీ" అన్నారు. పుస్తకం పోవడంలో కూడా సెంట్రల్, స్టేట్ తేడా ఉందని నాకప్పుడే తెలిసింది.

ఇక అసలు సంగతి. ఫైనలియర్ కుర్రాడొకడు ఆర్గానిక్ కెమిస్ట్రీ పోగొట్టాడు. నో డ్యూస్ కావాలంటే అదే పుస్తకం తెమ్మన్నాను. ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికి, బేరమాడి, సోమవారం పొద్దున్నే తెచ్చాడు. మొదటి పేజీ లేదు. వీపు మీద లేబుల్ గీకేసిన గుర్తు. వెనక అట్ట లోపల పాకెట్ ఊడిన జిగురు చారలు. అలవాటు కొద్దీ సీక్రెట్ పేజీ, అంటే దొంగలకు తెలియకుండా మేం లోపల స్టాంపు వేసి నంబరు రాసే పేజీ, తిప్పాను. (ఏ పేజీయో ఇక్కడ రాయను, ఉద్యోగ ధర్మం.) గుండ్రటి ఊదా రంగు స్టాంపు. మనదే. కింద నా ముందాయన దస్తూరీలో 11,482.

"నువ్వు పోగొట్టింది 11,483 రా" అన్నాను.

"సార్, నేను కొన్నాను సార్! కావాలంటే ఫోన్‌పే చూడండి!" వాడి చేతిలో ఫోన్ వణుకుతోంది. నూట యాభై రూపాయలు, ఆదివారం మధ్యాహ్నం 12.40.

తమరిని బీరువాలోంచి లేపి చూశాను. ఐదు కాపీలు ఒకే బిల్లు. 11,482 ఎదురుగా, ఆరేళ్ల కిందటి నా ఎర్ర సిరా: "పోయినది. సొమ్ము జమ." ఎవరో పిల్లవాడు 650 కట్టి వెళ్లాడు, రసీదు నంబరు కూడా ఉంది. ఎర్ర గీత కొట్టిన నంబరు మళ్లీ బతకడానికి తమరిలో గడి లేదు. పోనీ 11,483 బదులుగా కొత్త నంబరు వేద్దామంటే బిల్లు కావాలి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద జీఎస్‌టీ బిల్లు అడిగి చూడండి. మన స్టాంపున్న పుస్తకాన్ని మనమే కొత్తదని రాసుకుంటే ఆడిట్‌లో ఏమంటారో అది వేరే సంగతి.

కుర్రాడికి నో డ్యూస్ మీద సంతకం పెట్టేశాను. పుస్తకం నా టేబుల్ సొరుగులో ఉంది. అడిగినవాళ్లకు ఇస్తున్నాను, ఒక ఇరవై పేజీల నోట్‌బుక్‌లో పేరు రాసుకుని. మొన్న ఒకమ్మాయి తిరిగిస్తూ "సార్, 96వ పేజీ సగం చిరిగి ఉంది, నేను కాదు" అంది. ఫైన్ వేయాలంటే దానికి నంబరే లేదాయె. సరే అమ్మా అన్నాను.

వచ్చే నెల స్టాక్ వెరిఫికేషన్. సొరుగు సంగతి తమరికి తెలియదు, తమరికి తెలియనిది కమిటీకి అక్కర్లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
లైబ్రేరియన్

జతపరచినవి: పుస్తకం, ఒకటి (ప్రస్తుతం బయట ఉంది, గురువారం వస్తుంది).